వర్డ్‌ప్రెస్‌లో ఆ రెండు డబ్బాలు: నా ఓటు పైదానికే

స్పామ్ కామెంట్లు ఆపడానికి ప్లగిన్ (సైటుకు తగిలించే అదనపు ప్రోగ్రాం) మీద ప్లగిన్ ఎక్కిస్తున్న తెలుగు సైటువాళ్లు ముందు, సైటును నడిపే సాఫ్ట్‌వేర్ అయిన వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో డిస్కషన్ పేజీ తెరవండి. కిందికి వెళ్తే రెండు ఖాళీ డబ్బాలుంటాయి. పైది కామెంట్ మోడరేషన్. కిందిది డిస్‌అలౌడ్ కామెంట్ కీస్, 2020లో 5.5 వెర్షన్ వచ్చేదాకా దీన్నే కామెంట్ బ్లాక్‌లిస్ట్ అనేవారు. ఏళ్ల తరబడి రెండూ వాడిన మీదట చెప్తున్నాను, పై డబ్బా బంగారం. కిందిదాని జోలికి ఎంత తక్కువ వెళ్తే అంత మంచిది.

రెండూ పట్టుకునే తీరు ఒక్కటే. లైనుకొక మాట రాస్తాం. అది కామెంట్లోనే కాదు, రాసినవారి పేరు, ఈమెయిల్, సైటు చిరునామా, ఐపీ (ఇంటర్నెట్‌లో వారి కనెక్షన్‌కుండే నంబరు), బ్రౌజర్ వివరాలు, వీటిలో ఎక్కడ కనబడినా పట్టుకుంటుంది. తేడా అంతా పట్టుకున్నాకే. పై డబ్బాకు చిక్కిన కామెంటు పెండింగ్‌లో ఆగుతుంది. మోడరేషన్ మెయిల్‌కు టిక్కు పెట్టి ఉంటే మీకు కబురొస్తుంది. కింది డబ్బాకు చిక్కినది తిన్నగా ట్రాష్‌లో పడుతుంది. మీకు మెయిల్ రాదు, రాసినవారికి కారణం చెప్పదు. మామూలు సెట్టింగ్‌లో 30 రోజులకు ట్రాష్ దానంతటదే ఖాళీ అయిపోతుంది. ఎవరో శ్రద్ధగా పది లైన్లు రాసి పంపితే, వచ్చిందన్న సంగతే మనకు తెలియదు. నా కోపమంతా దీని మీదే.

ఇంకో పెద్ద చిక్కు, మాట లోపల మాటను కూడా పట్టుకోవడం. ఆ సంగతి సెట్టింగ్స్ పేజీలోనే రాసి ఉంటుంది, దాచిందేమీ లేదు. ఇంగ్లిషు సైట్లకు ఇది అప్పుడప్పుడూ వచ్చే తలనొప్పి. తెలుగులో మాత్రం కొంప ముంచుతుంది. లోన్ యాప్‌ల స్పామ్ సంగతే తీసుకోండి. లోన్, లోను, లోన్లు, లోన్‌కి అని రకరకాలుగా వస్తుంది కాబట్టి అన్నిటికీ కలిపి ‘లోన’ అని ఒక్క మాట పెడితే సరిపోతుందనిపిస్తుంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఆ మాట ల, ఓత్వం, న అనే మూడు ముక్కలు. ‘హైదరాబాద్‌లోని’, ‘ఇందులోనే’, ‘మనలోనూ’ అన్న మాటల్లోనూ అవే మూడు అదే వరసలో ఉంటాయి. అంటే తెలుగులో నాలుగు వాక్యాలు రాసిన ఎవరి కామెంటైనా పోయినట్టే. పోనీ చివర పొల్లు పెట్టి ‘లోన్’ అంటే ‘సైక్లోన్’ దొరికిపోతుంది. తుఫాను రోజుల్లో కోస్తా పాఠకులు రాసేవన్నీ ట్రాష్‌కే. బెట్టింగ్ సైట్ల కోసం ‘బెట్’ పెడితే ‘నిలబెట్టారు’, ‘పక్కనబెట్టి’, ‘పొలం బెట్టకొచ్చింది’ అన్నీ పోతాయి.

మాటకు ముందూ వెనకా ఖాళీ వదిలితే విడి మాటగా చూస్తుందనుకోవద్దు. పోల్చే ముందే ఆ ఖాళీలను కత్తిరించేస్తుంది. మాటల మధ్య ఖాళీని మాత్రం ఉంచుతుంది. కాబట్టి జంట మాటలు రాయండి: ‘పర్సనల్ లోన్’, ‘లోన్ యాప్’, ‘బెట్టింగ్ టిప్స్’. స్పామ్‌లో ఎక్కువగా ఇంగ్లిషు లిపిలోనే వస్తాయి కాబట్టి ఆ స్పెల్లింగులూ చేర్చండి. ‘ఆన్‌లైన్’ లాంటి మాటల్ని న పొల్లు విడిగా ఒకసారి, ల కింద కలిపేసి ‘ఆన్లైన్’ అని ఒకసారి, రెండు లైన్లలో రాయాలి. మొదటిదాంట్లో కంటికి కనబడని విడదీసే అక్షరం ఒకటుంటుంది, అందుకని ఒకటి రాస్తే రెండోది దొరకదు.

ఐపీలు చేర్చేటప్పుడూ జాగ్రత్త. మన దేశంలో మొబైల్ డేటా వాడేవాళ్లు ఎందరో ఒకే బయటి ఐపీ మీద ఉంటారు. ఒక స్పామరు కోసం దాన్ని మూస్తే వాళ్లందరికీ తలుపు మూసినట్టే. ఆ నంబరు కూడా ముక్కగానే పోలుస్తుంది, చివర 4 ఉన్న ఐపీ రాస్తే 45తో ముగిసేదీ దొరుకుతుంది.

ఇవే పొరపాట్లు పై డబ్బాలో జరిగితే నష్టం ఒక్క క్లిక్కు, అప్రూవ్ నొక్కితే సరి. పైగా ఒకసారి అప్రూవ్ అయినవాళ్లు మళ్లీ వచ్చి ఆ మాటలు రాసినా ఆపుతుంది. ‘చాలా బాగుంది సార్’ అని ఒక ముక్క రాసి అప్రూవ్ చేయించుకుని, తర్వాత లింకులతో దిగేవాళ్లకు ఇదే సరైన మందు. అక్కడే, ఎన్ని లింకులుంటే కామెంటును ఆపాలో చెప్పే సంఖ్య 2 అని ఉంటుంది, దాన్ని 1 చెయ్యండి. 2 ఉంటే ఒక్క లింకు దర్జాగా దాటిపోతుంది.

బంగారం అన్నాను గానీ, దీనికీ లోటుంది. ఆపుతుందే తప్ప తగ్గించదు. కామెంట్ ఫారంలో వెబ్‌సైట్ గడిలో పెట్టిన లింకు ఆ లింకుల లెక్కలోకి రాదు, ఫారంలోంచి ఆ గడిని తీసేయడం మేలు. బాట్ల (తమంతట తామే కామెంట్లు వేసే ప్రోగ్రాముల) గుంపు పడితే పెండింగ్ వరస చాంతాడంత అవుతుంది. అప్పుడు ఫారంలో మనుషులకు కనబడని గడి ఒకటి పెట్టి, దాన్ని నింపిన బాట్లను పట్టే ప్లగిన్ ఒకటి తోడుండాలి. ఆ గడికి ఫోన్, ఈమెయిల్ లాంటి పేరుంటే మాత్రం బ్రౌజరే దాన్ని నింపేసి, అసలు మనిషిని బాట్ కింద జమ కట్టిస్తుంది. అర్థం లేని పేరున్నదే ఎంచుకోండి. స్పామ్‌ను ఏరే అకిస్మెట్ ప్లగిన్ బాగానే పనిచేస్తుంది. కాకపోతే కామెంటు, ఐపీతో సహా, వాళ్ల సర్వరుకు వెళ్తుంది, వ్యాపార సైట్లయితే డబ్బు కట్టాలి.

రోజుకు పదీ ఇరవై కామెంట్లొచ్చే, రోజూ ఒకసారి పెండింగ్ చూసే తీరికున్న సైటును బట్టి చెప్పిన మాటలివి. వార్తల సైటుకు పై డబ్బా ఒక్కటే చాలదు. పాత పోస్టులకు కామెంట్లు మూసే సెట్టింగ్‌లో 14 రోజులని ఉంటుంది; వార్తలకు అది సరిపోతుందేమో. వంటలు, వ్యవసాయం, వ్యాకరణం రాసేవాళ్లు దానికి టిక్కు పెట్టకండి, అసలు ప్రశ్నలొచ్చేది ఆ పాత పోస్టులకే. పింగ్‌బ్యాక్‌లు (వేరే సైటు మన పోస్టుకు లింకిస్తే వచ్చే కబుర్లు) అందరూ ఆపేయొచ్చు. డిస్కషన్ పేజీలో టిక్కు తీస్తే కొత్త పోస్టులకే వర్తిస్తుంది. పాతవాటికి పోస్టుల జాబితాలో అన్నీ ఎంచుకుని బల్క్ ఎడిట్‌లో విడిగా ఆపాలి.