బంగినపల్లి: టెంక నాటాలా, అంటు తేవాలా?

బంగినపల్లి పండు తిని ఆ టెంకనే పెరట్లో పాతితే మళ్లీ అదే పండు వస్తుందని చాలామంది ఆశపడతారు. సాధారణంగా రాదు. పూత మీద వాలిన ఈగలు ఏ చెట్టు పుప్పొడి తెచ్చాయో ఎవరికి తెలుసు? టెంకలోని పిండంలో సగం జన్యువులు తల్లి చెట్టువి, సగం ఆ తండ్రి చెట్టువి. మనం తినే కండ మాత్రం పూర్తిగా తల్లిదే. అందుకే పండులో తేడా కనిపించదు, మొలిచిన చెట్టులో కనిపిస్తుంది.

అంటులో ఈ కలయిక ఉండదు. బంగినపల్లి కొమ్మను వేరే టెంక మొలక మీద కడతారు. పై భాగం తల్లి చెట్టుకు అచ్చమైన నకలు. కాపు మూడు నాలుగేళ్లలో మొదలవుతుంది. టెంక చెట్టుకైతే ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

అలాగని టెంకను చిన్నచూపు చూడలేను. దశేరి, నీలం రకాలు కలిస్తేనే మల్లిక, ఆమ్రపాలి మామిళ్లు పుట్టాయి. అంటు ఎన్నిసార్లు కట్టినా కొత్త రకం రాదు. పైగా నకళ్లన్నిటికీ ఒకే బలహీనత. గ్రోమిషెల్ అరటి తోటలు 1950ల నాటికి పనామా తెగులుకు కుదేలైంది ఇలాగే.

కేరళ ఒలూరు మామిడిది మరో దారి. ఒకే టెంకలో చాలా మొలకలు, ఎక్కువ భాగం తల్లి కణాల నుంచే పుడతాయి. అంటే టెంక నాటినా అవి తల్లికి నకళ్లే.

చిన్న పెరడైతే నా ఓటు అంటుకే. అతుకు కింద వచ్చే చిగుళ్లు తుంచెయ్యండి, అవి బంగినపల్లివి కావు.