ఎంఆర్ఐ మంచిదే, పాత సీడీ పక్కన ఉంటేనే

మా అమ్మాయికి 13 ఏళ్ళప్పుడు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది. ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే జబ్బు ఇది. అప్పటి నుంచి హైదరాబాద్‌లో రకరకాల చోట్ల ఎంఆర్ఐ తీయిస్తూనే ఉన్నాం. మెషిన్ ఎంత మోత పెడుతుంది, నగలు తీసేయాలా, లోపల ఎంతసేపు పడుకోవాలి లాంటివి ఎవరినడిగినా చెప్తారు. నేను రాసేది ఒక్క విషయం గురించి, కొత్త స్కాన్‌ను పాత స్కాన్‌తో పోల్చి చూడటం గురించి. ఈ జబ్బు ఉన్న పిల్లలకు ఎంఆర్ఐ వల్ల జరిగే మేలులో సగం పైన అక్కడే ఉంది. మాకు గట్టిగా దెబ్బ తగిలిందీ అక్కడే.

ముందు మెచ్చుకోవాల్సింది చెప్తాను. పాపకు కుడి కన్ను మసకబారింది, కన్ను తిప్పితే నొప్పి. కంటి నరం వాచిందని కళ్ళ డాక్టరు న్యూరాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆయన మెదడుకు, వెన్నుపాముకు కలిపి కాంట్రాస్ట్‌తో (మచ్చలు తేలిగ్గా కనిపించడానికి నరానికి ఎక్కించే మందుతో) స్కాన్ రాశారు. కంప్లైంట్ కంటిది, మచ్చలేమో మెదడులో చాలాచోట్ల ఉన్నాయి, వెన్నుపాములో కూడా ఒకటి. వాటి వల్ల పాపకు ఏ ఇబ్బందీ తెలియలేదు. కొన్ని మచ్చలు కాంట్రాస్ట్ పట్టుకుని మెరిశాయి, కొన్ని మెరవలేదు. మెరిసేవి ఈ కొద్ది వారాల్లో వచ్చినవి, మెరవనివి అంతకు ముందువి అని డాక్టరు స్క్రీన్ మీద చూపించారు. అంటే జబ్బు వేర్వేరు చోట్ల, వేర్వేరు సమయాల్లో దాడి చేసిందని ఒకే స్కాన్‌లో కనిపించింది. ఎంఎస్ అని చెప్పడానికి అప్పట్లో కావాల్సిన రెండు రుజువులూ అవే. రెండో అటాక్ వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేకుండా మందు మొదలైంది. ఆ విషయంలో ఈ మెషిన్‌కు దండం పెట్టాలి.

అప్పట్లో చుట్టాలందరికీ 'ఎంఆర్ఐ పట్టేసింది' అనే చెప్పాను. ఇప్పుడైతే అంత తేలిగ్గా చెప్పను. పిల్లల్లో జ్వరం తర్వాత వచ్చే ఏడెమ్ (మెదడు వాపు జబ్బు), మాగ్ (MOG) యాంటీబాడీల వల్ల వచ్చే జబ్బు కూడా స్కాన్‌లో తెల్ల మచ్చల్లాగే కనిపిస్తాయి. మన దగ్గర టీబీనీ మర్చిపోకూడదు. అందుకే రక్తంలో మాగ్ టెస్ట్ చేశారు, నడుం దగ్గర వెన్నులోంచి నీరు తీసి ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ (ఎంఎస్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించే ప్రొటీన్ గుర్తులు) ఉన్నాయేమో చూశారు. మాగ్ నెగెటివ్ వచ్చింది, బ్యాండ్స్ ఉన్నాయి. అప్పటికి గానీ డాక్టరు ఎంఎస్ అనే మాట నోటితో అనలేదు. ఎంఎస్‌ను నిర్ధారించడానికి అప్పట్లో వాడిన 2017 మెక్‌డోనాల్డ్ ప్రమాణాలు 11 ఏళ్ళు, ఆ పైబడిన పిల్లలకు చాలావరకు సరిపోతాయన్నారు. అంతకంటే చిన్నవాళ్ళలో ఆచితూచి వాడాలని కూడా ఆయనే చెప్పారు.

ఇక అసలు గొడవ. ఇన్సూరెన్స్ టై-అప్ మారడంతో ఒకసారి రొటీన్ స్కాన్‌కు ఇంటికి దగ్గరున్న వేరే సెంటర్‌కు వెళ్ళాం. కౌంటర్‌లో పాత స్కాన్ బొమ్మలున్న సీడీ ఇవ్వబోతే 'సీడీ ఎందుకమ్మా, పాత రిపోర్ట్ జిరాక్స్ ఉంటే చాలు' అన్నారు. సాయంత్రానికి రిపోర్ట్ వచ్చింది. కొత్తగా రెండు మచ్చలు ఉన్నాయని రాశారు.

పాప చూస్తే చక్కగా ఉంది. స్కూల్‌కు వెళ్తోంది, తమ్ముడితో కొట్లాడుతోంది. కానీ వేసుకుంటున్న మందు పనిచేస్తుంటే కొత్త మచ్చలు రాకూడదు. నిజంగా కొత్తవే అయితే ఆ మందు, ఫింగోలిమోడ్, ఆపి, సెలైన్‌లో ఎక్కించే రిటుక్సిమాబ్‌కు మారాలని డాక్టరు అన్నారు. రిటుక్సిమాబ్ ఇమ్యూనిటీని బాగా తగ్గించే మందు. దానికి ముందు హెపటైటిస్ బి, టీబీ టెస్టులు రాశారు. మా ఆయన ఆఫీస్‌కు సెలవు పెట్టారు, మా అత్తగారు మొక్కులు మొక్కారు. ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర లేదు.

టెస్టుల రిజల్ట్స్ వచ్చేలోపు డాక్టరుకు ఏదో తేడా అనిపించి, పాతవి కొత్తవి రెండు సీడీలూ తనకు తెలిసిన న్యూరోరేడియాలజిస్ట్‌కు చూపించమన్నారు. (ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే చోటే ఉండదు. ఎవరింట్లో పాత డెస్క్‌టాప్ ఉందా అని వెతికి, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని వెళ్ళాం.) ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి, మచ్చ మచ్చకూ వేలు పెట్టి చూపించారు. 'కొత్త' మచ్చలు రెండూ పాత స్కాన్‌లో అవే చోట్ల, అదే సైజులో ఉన్నాయి. పాత రిపోర్ట్‌లో ఒక్కోదాన్నీ పేరుపేరునా రాయకుండా 'అనేక మచ్చలు' అని తేల్చేశారు. కొత్త సెంటర్ వాళ్ళు బొమ్మలు చూడకుండా ఆ కాగితం మాత్రమే చూసి, అందులో లేనివి కొత్తవి అనుకున్నారు.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. కొత్త సెంటర్ స్కాన్‌ను 5 మిల్లీమీటర్ల మందమున్న స్లైస్‌లుగా (పొరలుగా), మధ్యలో ఖాళీలు వదిలి తీశారు, తల కూడా వేరే కోణంలో ఉంది. ఆ ఖాళీల్లో చిన్న మచ్చ దాక్కుంటే తెలియదు. కాబట్టి ఇదే సెంటర్ 'కొత్తవేమీ లేవు' అని రాసినా నమ్మడానికి లేదు. నాకు బాగా కాలింది ఇక్కడే. రిపోర్ట్ తప్పు పోనీ, బొమ్మలు కూడా పనికిరాకుండా తీశారు. డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. మందు మార్పు ఆగింది, స్కాన్ పాత చోట మళ్ళీ తీయించాం.

ఆ తర్వాత డాక్టరు చీటీలోనే రాసిస్తున్నారు: త్రీడీ ఫ్లెయిర్ (మచ్చలు బాగా కనిపించేలా తీసే ఒక రకం ఎంఆర్ఐ), స్లైస్ 3 మిల్లీమీటర్లు మించకూడదు, ఖాళీలు వద్దు, పాత బొమ్మలతో పోల్చాలి. వీలైనంత వరకు అదే మెషిన్. ఇవేవీ ఆయన సొంతంగా కనిపెట్టినవి కావు, 2021లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్నవే. కాంట్రాస్ట్ కూడా ప్రతిసారీ అక్కర్లేదట. కాంట్రాస్ట్‌లో ఉండే గాడోలినియం అనే లోహం కొద్దికొద్దిగా ఒంట్లో మిగిలిపోతుందని తెలిశాక, ఎక్కువ మిగిలే లీనియర్ రకాలను యూరప్‌లో 2017లోనే చాలావరకు పక్కనపెట్టారు. మా పాపకు అవసరమైతేనే, అదీ తక్కువ మిగిలే మ్యాక్రోసైక్లిక్ రకమే వాడుతున్నారు. సూది తగ్గినందుకు అది మహా సంతోషంగా ఉంది.

ఇదంతా మా పరిస్థితిని బట్టి చెప్తున్నది. మా పాప పెద్దది, మత్తు లేకుండా కదలకుండా పడుకుంటుంది, నన్ను లోపల పక్కన కూర్చోనిస్తారు. ఐదారేళ్ళ పిల్లలకైతే మత్తు, ఖాళీ కడుపు, పిల్లల అనస్థీషియా డాక్టరు, ఇవన్నీ చూసుకోవాలి. అప్పుడు మెషిన్ కంటే మత్తిచ్చే మనిషే ముఖ్యం కావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో తీయించేవాళ్ళకు ఫలానా మెషినే కావాలని అడిగే వీలు ఉండకపోవచ్చు. మాకు ఇన్సూరెన్స్ ఉన్నా రెండోసారి తీయించిన ఖర్చు మా చేతిదే.

సెంటర్ ఎక్కడైనా, డబ్బు కట్టే ముందు కౌంటర్‌లో కాకుండా లోపల టెక్నీషియన్‌ను అడగండి: స్లైస్ ఎంత మందం, పాత సీడీని రేడియాలజిస్ట్ తెరిచి చూస్తారా అని. సరిగ్గా జవాబు రాకపోతే నేనైతే లేచి వచ్చేస్తాను. ఫిల్ములు వద్దు, సీడీ రెండు కాపీలు చాలంటే మాకు ఒకచోట బిల్లు కూడా కాస్త తగ్గించారు.