పాత బాక్‌స్టర్‌కి ఇంటి గరాజ్‌లో ఆయిల్ మార్చడం: కొన్నేళ్ళ తర్వాత నా లెక్క

డబ్బు మిగులుతుందన్న ఆశతో పోర్షా కింద దూరదామనుకునేవాళ్ళకి ముందే చెప్పేస్తున్నా. మిగులుతుంది గానీ, మొదట్లో ఆ మిగిలిందంతా జాకీకీ స్టాండ్లకీ టార్క్ రెంచ్‌కీ (కొలత ప్రకారం బిగించే పానా) పోతుంది. నేను ఇప్పటికీ ఈ పని ఎవరి చేతిలోనూ పెట్టకపోవడానికి కారణం వేరే. పాత ఫిల్టర్ నా చేతికే వస్తుంది. ఈ కారు విషయంలో మాత్రం కొత్తగా పోసే ఆయిల్ ఎంత ముఖ్యమో, బయటికి తీసిన ఫిల్టర్‌లో ఏముందో చూసుకోవడం అంతకంటే ముఖ్యం.

కారు 2001 మోడల్ పోర్షా బాక్‌స్టర్. 986 అని పిలిచే మొదటి తరం, 2.7 లీటర్ల ఇంజిన్, 217 హార్స్‌పవర్, ఐదు గేర్ల మాన్యువల్. మడిచే గుడ్డ టాపుకి వెనక కిటికీ ఇంకా ప్లాస్టిక్‌దే, గాజు 2003 మోడల్‌తో గానీ రాలేదు. మేముండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఎండాకాలం వంద ఫారెన్‌హీట్ దాటడం ఇక్కడ వార్తే కాదు. ఆఫీసుకి వేరే బండి ఉంది, ఇది వారాంతాలకి. అంటే మైళ్ళు తక్కువ, ఖాళీగా నిలబడే రోజులు ఎక్కువ. ఆయిల్‌కి అదీ మంచిది కాదు, అందుకే నేను మైళ్ళ కోసం ఆగను. ఐదు వేల మైళ్ళు తిరిగినా, ఏడాది గడిచినా, ఏది ముందైతే దానికి మార్చేస్తాను. కంపెనీ పుస్తకం ఇంతకంటే చాలా ఎక్కువ గడువు ఇస్తుంది. అది కొత్త కారుకి చెప్పిన మాట, పాతికేళ్ళ బండికి కాదని నా అభిప్రాయం.

ఫిల్టర్ గురించి ఇంత గోల ఎందుకో తెలియాలంటే ఈ ఇంజిన్ సంగతి కొంచెం తెలియాలి. ఎం96 అనే ఈ ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) కింద ఇంటర్మీడియట్ షాఫ్ట్ అని ఇంకొకటి ఉంటుంది. క్రాంక్ దాన్ని చెయిన్‌తో తిప్పుతుంది, అక్కణ్ణుంచి వేరే చెయిన్లు వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌లని తిప్పుతాయి. ఫ్లైవీల్ వైపు ఈ షాఫ్ట్ కూర్చునేది ఒక సీల్డ్ బాల్ బేరింగ్ మీద. ఆ బేరింగ్ అరిగి విరిగిందంటే చెయిన్ల లెక్క తప్పుతుంది, వాల్వులూ పిస్టన్లూ గుద్దుకుంటాయి, ఇంజిన్ పోతుంది. ఇంకో ఇంజిన్ వేయించే ఖర్చులో ఇలాంటి పాత బాక్‌స్టర్ ఇంకొకటి వస్తుంది. అమెరికాలో దీని మీద యజమానులు కోర్టుకి వెళ్తే, 2001 నుంచి 2005 దాకా వచ్చిన మోడళ్ళకి సంబంధించి 2013లో పోర్షా రాజీకి వచ్చింది. 2006 నుంచి 2008 వరకు పెద్ద బేరింగ్ పెట్టారు. అది గట్టిదే గానీ, ఇంజిన్ విప్పకుండా మార్చడానికి వీల్లేదు. 2009లో వచ్చిన కొత్త ఇంజిన్‌లో అసలు ఈ షాఫ్టే లేదు.

అందరి బేరింగులూ పోవు. చాలామందివి పోకుండానే లక్ష మైళ్ళు దాటాయి. కానీ పోయేది చాలాసార్లు పోయేముందు ఉక్కు పొడి రాలుస్తుంది, ఆ పొడి ఆయిల్‌తో తిరిగి ఫిల్టర్‌లో చిక్కుకుంటుంది. సర్వీసు సెంటర్‌లో ఆ ఫిల్టర్ విప్పి చూసే ఓపిక ఎవరికుంటుంది? తీస్తారు, చెత్తబుట్టలో వేస్తారు. అడిగితే "అంతా బాగానే ఉంది సార్" అంటారు.

ఇక పనిలోకి వస్తే, ఇందులో కష్టమైనది ఆయిల్ మార్చడం కాదు, కారుని పైకెత్తడం. మామూలు జాకీ ఈ బండి కింద దూరదు, తక్కువ ఎత్తుండే పొడుగాటి జాకీ కావాలి. ఎత్తడానికి కారుకి నాలుగు చోట్ల పాయింట్లున్నాయి. చిక్కేమిటంటే, జాకీ పెట్టాల్సిందీ స్టాండ్ పెట్టాల్సిందీ అక్కడే. దీనికి అందరూ వాడే ఉపాయం ఒకటుంది. చట్రం గట్టిది కాబట్టి వెనక పాయింటు దగ్గర ఎత్తుతుంటే ఆ పక్క ముందు చక్రం కూడా లేస్తుంది, ముందు పాయింటు కింద స్టాండ్ జారుస్తాం. తర్వాత రెండో పక్క. ఇలా కొంచెం కొంచెంగా నాలుగు మూలలూ సర్దుకోవాలి. ముందు మాత్రమే ఎత్తి వదిలేస్తే పాత ఆయిల్ కొంత లోపలే ఉండిపోతుంది, కారు సమంగా ఉండాలి. జాకీ మీదే ఆన్చి కిందకి దూరేవాళ్ళని చూశాను. ఆ ధైర్యం నాకొద్దు.

కొన్నేళ్ళు ఈ సర్దుళ్ళతో నడిపించి, నడుం మొరాయించడం మొదలెట్టాక క్విక్‌జాక్ కొన్నాను. రెండు పొడుగు ఇనుప చట్రాలు, ఒక హైడ్రాలిక్ పంపు, మీట నొక్కితే కారు మొత్తం సమంగా అడుగున్నర దాకా లేస్తుంది. ఖరీదు వెయ్యి డాలర్ల పైమాటే. ఏడాదికోసారి ఆయిల్ మార్చడానికైతే దండగ. నేను బ్రేకులూ, టైర్లూ, ఇంట్లో మిగతా కార్ల పనీ దాని మీదే చేస్తాను కాబట్టి నాకు గిట్టింది. ఇంటావిడ లెక్క ప్రకారం ఇంకా గిట్టలేదు.

మిగతా సామాన్ల చిట్టా చిన్నదే. డ్రెయిన్ బోల్టుకి (పాత ఆయిల్ దించడానికి విప్పేది) 8 మిల్లీమీటర్ల ఆలెన్ సాకెట్. ఫిల్టర్ డబ్బాకి 74 మిల్లీమీటర్లు, 14 పలకలుండే మూత రెంచ్. దీనికి బదులు చెయిన్ పానా పట్టి తిప్పితే ఆ ప్లాస్టిక్ డబ్బా పగిలే ప్రమాదం ఉంది, పది పదిహేను డాలర్ల దగ్గర కక్కుర్తి పడొద్దు. ఆయిల్ పట్టే తొట్టి మాత్రం పెద్దది కొనండి. షాపుల్లో ఎక్కువగా కనిపించేవి చిన్న కార్లకి సరిపోయేవి. ఈ ఇంజిన్ ఎనిమిదిన్నర లీటర్ల దాకా తాగుతుంది, బయటికొచ్చేదీ అంతే. మొదటి ధార వేగం కూడా తక్కువేం కాదు, బోల్టు ఊడగానే జానెడు పక్కకి ఎగిరి పడుతుంది. తొట్టిని బోల్టుకి సరిగ్గా కింద కాకుండా కాస్త జరిపి పెట్టాలి.

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ బాగా దిగుతుంది. నేను పదినిమిషాలు తిప్పి తెచ్చి, కారు ఎత్తేలోపు కాస్త చల్లారనిస్తాను. బోల్టు విప్పాక గంటసేపు ఆయిల్‌ని కారనిస్తాను. ఈలోగా ఫిల్టర్ డబ్బా విప్పుకోవచ్చు. దాన్లో కూడా ఆయిల్ ఉంటుంది, నిలువుగా పట్టుకుని దించాలి, లేకపోతే మోచేతి దాకా కారుతుంది. అడుగున మిగిలిన ఆయిల్‌ని తెల్లటి గిన్నెలోకి వంచి చూడండి. బరువైన రేణువులు ముందు అక్కడే కనిపిస్తాయి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఫిల్టర్ రెండు అంచులూ కత్తితో కోసి, కాగితాన్ని మడతలు విప్పి పొడుగ్గా పరుస్తాను. ఎండలో పెట్టి ఒక్కో మడతా చూడటం, అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరినట్టే: తొందరపడితే కనిపించదు, ఓపిగ్గా కాస్త అటూ ఇటూ కదిపితేనే మెరుస్తుంది. మెరిసినదల్లా ప్రమాదం కాదు. అయస్కాంతం పెట్టి చూడాలి. అతుక్కుంటే ఇనుము, బేరింగ్ వైపు అనుమానం. అతుక్కోకపోతే ఎక్కువసార్లు అల్యూమినియం. గోధుమ రంగు ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే అవి చెయిన్లు ఒరుసుకునే ప్యాడ్లవి. నా కారు తరం ఇంజిన్లలో అవి అరిగే వస్తువులే, చిన్నచిన్నవి ఒకటీ అరా వస్తే కంగారు అక్కర్లేదు. ఉక్కు రేకులు బాగా కనిపిస్తే మాత్రం ఆ రోజుతో బండి నడపడం ఆపేసి మెకానిక్‌కి ఫోన్ చేయాలి. డ్రెయిన్ బోల్టుకి అయస్కాంతం ఉన్న రకం వేశాను. దాని కొసన సన్నటి బూడిద రంగు ముద్ద ప్రతిసారీ ఉంటుంది, అది మామూలే. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడకూడదు, అంతే.

విప్పిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి తేదీ, మైళ్ళు రాసిపెట్టుకుంటాను. ఒక్క ఫోటోతో ఏమీ తెలియదు. పోయినేడుతో పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడా తెలుస్తుంది.

ఆయిల్ నమూనా ల్యాబ్‌కి పంపే అలవాటు కూడా ఉంది. ఇండియానాలోని ఫోర్ట్ వేన్‌లో ఉన్న బ్లాక్‌స్టోన్ అనే ల్యాబ్‌కి చిన్న సీసాలో పంపితే ఇనుము, రాగి, అల్యూమినియం ఎంతెంత ఉన్నాయో, పెట్రోల్ కలిసిందో లేదో, చిక్కదనం ఎలా ఉందో రాసిస్తారు. బాగా ఉపయోగపడుతుంది. కానీ ఆ యంత్రం చూసేది కంటికి ఆనని సూక్ష్మ రేణువుల్నే. పెద్ద రేకులు దాని లెక్కలోకి రావు. అందుకని ల్యాబ్ కాగితంలో అంతా బాగుందని వచ్చినా నేను ఫిల్టర్ కోయడం మానను.

స్పిన్-ఆన్ అడాప్టర్ (డబ్బాతో సహా తిప్పి బిగించే ఫిల్టర్ పట్టేది) గురించి చాలామంది అడుగుతారు. కంపెనీ ప్లాస్టిక్ డబ్బాలో ఒక బైపాస్ వాల్వ్ ఉంటుంది. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నా, ఫిల్టర్ నిండిపోయినా, అది తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే ఇంజిన్‌లోకి వదిలేస్తుంది. అలా జరగకుండా ఎల్ఎన్ ఇంజనీరింగ్ వాళ్ళు మామూలు రేకు ఫిల్టర్ పట్టే అడాప్టర్ అమ్ముతున్నారు. ఆలోచన మంచిదే. నేను మాత్రం వేయలేదు. రేకు డబ్బా కోయడానికి మళ్ళీ ప్రత్యేకమైన కట్టర్ కావాలి, కాగితం ఫిల్టర్‌కి కూరగాయలు కోసే కత్తి చాలు (వంటింట్లోది కాదు లెండి, ఇంట్లో ప్రశాంతత ముఖ్యం).

కొత్త ఫిల్టర్ మాలే కంపెనీది, ఓఎక్స్ 128/1డి వాడతాను, ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు రింగు) దాంతోనే వస్తుంది. ఓ-రింగ్‌కి ఆయిల్ రాసి, డబ్బాని ముందు చేత్తోనే తిప్పి, చివర్లో టార్క్ రెంచ్‌తో 25 న్యూటన్ మీటర్లు. డ్రెయిన్ బోల్టుకి 50, వాషర్ ప్రతిసారీ కొత్తది. ఈ రెండు అంకెలూ నేను గరాజ్ గోడ మీద మార్కర్‌తో రాసి పెట్టాను. చేతి అంచనాతో బిగించడం మానవ ప్రయత్నమే గానీ, అల్యూమినియం మరలకి అది తెలియదు.

ఆయిల్ దగ్గర మతాలున్నాయి. నేను చూసేది ఒకటే: డబ్బా వెనక పోర్షా ఏ40 అని, అంటే ఇలాంటి ఇంజిన్లకి పోర్షా ఒప్పుకున్న రకమని, రాసి ఉందా. మొబిల్ 1 0డబ్ల్యూ-40కి (ఆ అంకెలు ఆయిల్ చిక్కదనం చెప్పేవి) అది ఉంది, వాల్‌మార్ట్‌లో ఐదు క్వార్ట్‌ల (దాదాపు 4.7 లీటర్ల) డబ్బా దొరుకుతుంది, రెండు కొంటే సరిపోయి కొంచెం మిగులుతుంది. సీ30 అన్న ముద్ర చూసి అదీ పోర్షాదే కదా అని కొనకండి. అది వేరే ఇంజిన్లకి ఉద్దేశించిన పల్చటి రకం. టెక్సాస్ ఎండకి 5డబ్ల్యూ-40 మేలని వాదించేవాళ్ళున్నారు. ఏ40 ఉంటే అదీ పనికొస్తుంది, నాకైతే తేడా తెలియలేదు.

పోయడం అంటే డిక్కీ తెరవడమే. ఈ కారుకి ఇంజిన్ కనిపించదు. వెనక డిక్కీలో ఒక ఆయిల్ మూత, ఒక కూలెంట్ మూత, ఒక డిప్‌స్టిక్, అంతే మనకి దక్కే దర్శనం. మా బావమరిది మొదటిసారి చూసి, "బావా, ఇంత పెట్టి కొన్నావు, ఇంజిన్ ఇవ్వడం మర్చిపోయారా?" అన్నాడు. పొడుగు గరాటు పెట్టి ముందు ఏడున్నర లీటర్లు పోసి, ఇంజిన్ తిప్పి, ఆపి, కాసేపు ఆగి కొలవాలి. తర్వాత కొంచెం కొంచెంగా. నిండుగా పైగీత దాకా పోయను, కాస్త కిందే ఆపుతాను. ఎక్కువైతే ఆయిల్ వెళ్ళి ఎయిర్ ఆయిల్ సెపరేటర్‌లో (ఇంజిన్ గాలి నుంచి ఆయిల్‌ని వేరుచేసే భాగం) పడుతుంది, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ మేఘం లేస్తుంది, వీధంతా తలుపులు తీసి చూస్తుంది. డిప్‌స్టిక్ ఉండటం ఈ 986 అదృష్టం, తర్వాత వచ్చిన 987లో తీసేశారు.

పాత ఆయిల్‌ని ఖాళీ అయిన అవే డబ్బాల్లో నింపి ఆటోజోన్, ఓరైలీ లాంటి కారు సామాన్ల షాపుకి తీసుకెళ్తే ఉచితంగా తీసుకుంటారు. నీళ్ళో కూలెంటో కలిస్తే తీసుకోరు, తొట్టి దేనికది వేరుగా ఉంచుకోవాలి.

ఖర్చు సంగతి. షోరూమ్‌లో నాకు చెప్పింది మూడు వందల యాభై డాలర్ల దరిదాపు, బయట పోర్షా పని తెలిసిన మెకానిక్ రెండు వందల పైన. నాకు ఆయిల్, ఫిల్టర్, వాషర్ కలిపి తొంభై లోపే అవుతుంది, ల్యాబ్‌కి పంపితే ఇంకో నలభై. సగం పూట పోతుంది. మెకానిక్ దగ్గర కూర్చున్నా అంతే పోతుంది, కాకపోతే అక్కడ కాఫీ ఇస్తారు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళు ఆగండి. పార్కింగ్‌లో బండి పని చేయకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది, చదువుకోండి. అలాంటివాళ్ళకి, నేల మీద పడుకోవడం కుదరనివాళ్ళకి నా సలహా: తెలిసిన మెకానిక్ దగ్గరే చేయించండి, కానీ పాత ఫిల్టర్ సంచిలో వేసి ఇమ్మని ముందే అడగండి. నవ్వితే నవ్వనివ్వండి. ఇంటికొచ్చి కోసి చూసుకోవచ్చు. నేను ముఖ్యమన్న భాగం కారు ఎత్తకుండానే మీకు దక్కుతుంది.

ఒక్క నష్టం మాత్రం ఒప్పుకోవాలి. అమ్మేటప్పుడు కొనేవాడు షోరూమ్ ముద్ర ఉన్న సర్వీసు పుస్తకం అడుగుతాడు. "నేనే మార్చుకున్నా" అంటే మొహం అదోలా పెడతాడు. అందుకే ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదులు, ల్యాబ్ కాగితాలు, ఫిల్టర్ ఫోటోలు తేదీలవారీగా ఒక ఫైల్లో ఉంచాను. ఆ మధ్య ఈ కారు చూడటానికి ఒకాయన వచ్చాడు, 986లు బాగా తెలిసినవాడు. నడిపి చూడకముందే ఫైలు అడిగి, ఫోటోలన్నీ తిరగేసి, ఆ తర్వాత తాళం అడిగాడు. ధర దగ్గర కుదరలేదు, అది వేరే సంగతి.