కోఠీలో ఒక రేడియో దుకాణం: అయిదుకు నాలుగు చుక్కలు

ఈ రేడియో రిపేరు దుకాణం పేరు రాయొద్దని దుకాణదారు అడిగారు. "ఉన్న పనే తెమలడం లేదు, ఇంకా జనాన్ని పంపకండి" అన్నారు. కాబట్టి గుర్తులు మాత్రం చెబుతాను. ఉస్మానియా మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్‌లో దిగి గుజరాతీ గల్లీలోకి నడిస్తే, లైట్ల పట్టీలు, కెమెరాలు, స్పీకర్లు అమ్మే దుకాణాల మధ్య మేడ మీదికి ఇరుకు మెట్లు ఉన్నాయి. ఎక్కితే ఎడమ చేతి వైపు, ఇద్దరు కూర్చుంటే మూడోవారు నిలబడాల్సిన గది. బోర్డు లేదు. ట్రాన్సిస్టర్లు రాకముందు నాటి వాల్వు రేడియో వెనక ఉండే చిల్లుల అట్ట ఒకటి తలుపు పక్కన మేకుకు వేలాడుతుంటుంది. గుర్తు పట్టేవాళ్ళు పడతారు.

నేను వెళ్ళింది మా నాన్న కోసం. ఆయనకు ఎనభై ఆరేళ్ళు. సూర్యాపేట దగ్గర పల్లెలో బడిపంతులుగా చేశారు. అమ్మ పోయాక నిరుడు మియాపూర్‌లో మా ఇంటికి వచ్చారు, తొమ్మిదో అంతస్తుకు. సామాను దించేటప్పుడు ఆయన రెండు బ్యాండ్ల రేడియో జారి నుజ్జయింది. దాని లైసెన్సు పుస్తకం మాత్రం క్షేమంగా చేరింది. రేడియో వినడానికి పోస్టాఫీసులో ఏటేటా డబ్బు కట్టిన రోజుల నాటిది అది. ఆ పద్ధతి ఎనభైల్లోనే పోయింది కానీ, నాన్న రసీదు పారేసే రకం కాదు.

కొత్త సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాను. 1,450 రూపాయలు. కంపెనీ పేరు అనవసరం, ఈ ధరలో దొరికేవన్నీ ఒకే తాను ముక్కలు. ఎఫ్‌ఎం, మీడియం వేవ్, షార్ట్ వేవ్, పెన్ డ్రైవ్, బ్లూటూత్, పైన ఒక టార్చిలైటు. టార్చిలైటు చక్కగా వెలిగింది. ఎఫ్‌ఎం కూడా బాగుంది: 101.9లో రెయిన్‌బో, 102.8లో వివిధ భారతి, ప్రైవేటు స్టేషన్లు, అన్నీ పక్కింట్లో మాట్లాడుకుంటున్నంత స్పష్టంగా పలికాయి. మీడియం వేవ్‌కు మార్చగానే మొదలైంది గోల. కాగే నూనెలో తడి మిరపకాయలు వేసినట్టు చిటపట. దాని అడుగున ఎక్కడో, బావిలోంచి మాట్లాడుతున్నట్టు ఒక మనిషి గొంతు.

నాన్నకు కావలసింది ఆ గొంతే. 738 కిలోహెర్ట్జ్, ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ'. చిన్నక్క, ఏకాంబరం కబుర్లతో కార్మికుల కార్యక్రమం విన్నది అక్కడే. ఉర్దూలో అక్షరాలు దిద్దిన మనిషి కాబట్టి 'నైరంగ్' విన్నదీ అక్కడే. "వార్తలు చదువుతున్నది డి. వెంకట్రామయ్య" అన్న మాట వినిపించగానే మా ఇంట్లో అందరూ నోళ్ళు మూసుకోవాలన్నది ఆయన చట్టం. 200 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ అది. నూట ముప్పై కిలోమీటర్ల అవతల, వేపచెట్టు కింద, పట్టపగలు కంచులా మోగేది. తీరా ఆ స్టేషన్ ఉన్న ఊరికే వచ్చి కూర్చుంటే వినిపించడం లేదు.

"మూసేశారేమోరా" అన్నారు నాన్న.

మూయలేదని రుజువు చేయడానికి ఫోన్‌లో ఆకాశవాణి యాప్ పెట్టి ఇచ్చాను. అదీ బాగుంది, గొంతు స్ఫటికంలా ఉంది. రెండు రోజులు విని మూడో రోజు ఫోను నా చేతిలో పెట్టేశారు. వార్తల ముందు వచ్చే బీప్ బీప్ శబ్దాలకు తన హెచ్‌ఎంటీ గడియారం సరిచేసుకోవడం నాన్నకు యాభై ఏళ్ళ అలవాటు. యాప్‌లో ఆ శబ్దాలు ఇంటర్నెట్ చుట్టూ తిరిగి వస్తాయి కదా, అసలు టైముకు వెనకబడి వచ్చేవి. ఒకరోజు సగం నిమిషం, ఒకరోజు ఇంకాస్త. "గంట తప్పు చెప్పేవాడు వార్తలు మాత్రం ఒప్పు చెబుతాడని ఏమిటి నమ్మకం?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అలా కోఠీ వెళ్ళాను.

దుకాణదారు డెబ్బై దాటిన మనిషి. తండ్రి కాలం నుంచీ ఇదే పని. నిజాం ప్రభుత్వం 1935లో డెక్కన్ రేడియోను చేతిలోకి తీసుకున్న సంగతి, 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో కలిసిపోయిన సంగతి నిన్న మొన్న జరిగినట్టు చెబుతారు. నా సెట్టు తీసుకుని మాట్లాడకుండా నాలుగు స్క్రూలు విప్పారు. లోపలి నుంచి నల్లటి కడ్డీ ఒకటి పైకి లేపి చూపించారు. నా బొటనవేలంత ఉంది. "ఇదీ మీ మీడియం వేవ్ ఏరియల్" అన్నారు. పై నుంచి లాగే స్టీలు ఏరియల్ ఎఫ్‌ఎంకు, షార్ట్ వేవ్‌కు మాత్రమేనట, మీడియం వేవ్‌కు దాన్ని ఎంత లాగినా గాలిలో పుల్ల ఆడించినట్టే. నేను మూడు వారాలు దాన్నే లాగి తిప్పాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

తరవాత సొరుగులోంచి పాత సెట్టు కడ్డీ తీసి పక్కన పెట్టారు. జానెడు పొడుగు. "దీంట్లో చేతికందినంత సిగ్నల్ దాంట్లో వేలికి కూడా అందదు. పెట్టె మీద మీడియం వేవ్ అని రాయాలి కాబట్టి పెట్టారు, వినడానికి కాదు" అన్నారు. పొడుగు కడ్డీ వేయడానికి లోపల చోటు లేదు. "టార్చిలైటు పీకేస్తే ఐమూలగా పడుతుంది. పీకనా?"

పీకించాను.

ఆ తరవాతి పావుగంట చూడవలసిన పని. కడ్డీకి తొడిగిన తీగచుట్టను గోరుతో నెట్టుతూ, తల వంచి వింటూ, వెంట్రుకవాసి ముందుకు, వెనక్కు. మధ్యలో ఒక చోట గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. ఆయన ఊపిరి బిగబట్టి, కొవ్వొత్తి వెలిగించి, నాలుగు చుక్కల మైనం కార్చి చుట్టను అక్కడే అతికించేశారు. తరవాత ముల్లు సరిచేశారు. నా సెట్టులో 738 స్టేషన్ 800 అంకె దాటాక తగిలేది. దాన్ని చోటికి తెచ్చి, అద్దం మీద ఎర్రటి గోళ్ళరంగుతో ఒక చుక్క పెట్టారు. "పెద్దాయనకు కళ్ళజోడు వెతుక్కునే పని లేకుండా."

కోఠీలో బ్రహ్మాండంగా పలికిన సెట్టు మియాపూర్ చేరేసరికి మళ్ళీ మిరపకాయలు వేయించింది.

కోపంతో ఫోన్ చేశాను. "ఇంట్లో మెయిన్ ఆఫ్ చేసి, సెల్స్ మీద పెట్టి వినండి" అని ఫోన్ పెట్టేశారు. మా ఆవిడ కుక్కర్ పెట్టిన సమయం చూసి, గ్యాసుకు కరెంటుతో పని లేదని ఒప్పించి, మెయిన్ దించాను. ఫ్రిజ్ ఆగింది, ఫ్యాన్ ఆగింది, చిటపటలు ముప్పాతిక వంతు ఆగిపోయాయి. ఆ పక్కనే, గదిలో మనిషి ఉన్నట్టు, వ్యవసాయ కార్యక్రమంలో ఎవరో వేరుశనగకు జిప్సం ఎప్పుడు వేయాలో చెబుతున్నారు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. వేరుశనగ వేసే నేల ఆయనకు ఇప్పుడు ఎక్కడా లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు కారణం వివరించారు. మీడియం వేవ్ నడిచేది ఏఎం పద్ధతిలో. అందులో మాట అల ఎత్తుపల్లాల మీద ఎక్కి వస్తుంది. ఇంట్లో ఎల్‌ఈడీ దీపం, సెల్ ఛార్జర్, వైఫై డబ్బా అడాప్టర్, ఇన్వర్టర్, వీటన్నిటి లోపలా కరెంటును సెకనుకు వేలసార్లు తెంచి కలిపే సర్క్యూట్లు ఉంటాయి. ఆ రొద కూడా ఎత్తుపల్లమే. ఏది మాటో ఏది రొదో సెట్టుకు తెలియదు. ఎఫ్‌ఎంలో అల ఎత్తు మారదు, సెకనుకు అది ఎన్నిసార్లు ఊగుతుందన్నది మారుతుంది. కాబట్టి ఎత్తులో చేరిన చెత్తను సెట్టు కత్తిరించి పారేస్తుంది. "పాత తీగ బల్బు ఉన్నన్నాళ్ళు మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. ఇప్పుడు మీ ఇల్లే ఒక స్టేషన్. అది మీ పక్కనుంది, ఆకాశవాణి దూరంగా ఉంది" అన్నారు. దానికి తోడు మా ఇనుప ఊచల కాంక్రీటు గోడలు.

నాకు ఈ మాట చాలా రోజులు తలలో తిరిగింది. ఏఎం రేడియో వినేవాళ్ళు లేక పోతోందని పేపర్లలో చదివాను, 2006లో ప్రైవేటు ఎఫ్‌ఎం మన నగరానికి వచ్చాక జనం అటు మళ్ళారని నేనూ అనుకున్నాను. అది నిజమే, కాదనను. కానీ వినాలని కూర్చున్న ముసలాయన ఒకరు ఉండి, స్టేషన్ ఉండి, సెట్టు ఉండి, మధ్యలో మా హాలు సీలింగులో నేను మోజుపడి పెట్టించిన పన్నెండు దీపాలు అడ్డం పడ్డాయి. ఈ లెక్క ఏ పేపరూ రాయలేదు.

మందు కూడా ఆయనే ఇచ్చారు. అడుగున్నర చదరపు కొయ్య చట్రం, దాని చుట్టూ పద్నాలుగు చుట్ల తీగ, కొసలకు పాత సెట్టులోంచి తీసిన గ్యాంగ్, అంటే స్టేషన్ మార్చడానికి తిప్పే రేకుల కండెన్సర్. అంతే. కరెంటు లేదు, రేడియోకు తీగ కలపడం లేదు. రేడియోను చట్రం పక్కన పెట్టి గ్యాంగ్ తిప్పితే ఒక చోట స్టేషన్ ఎగిసి పైకి వస్తుంది. చట్రాన్ని మెల్లగా తిప్పుతూ పోతే, రొద వచ్చే దిక్కుకు దాని మొహం సూటిగా ఎదురైన చోట చిటపట అణిగిపోతుంది. 600 రూపాయలు తీసుకున్నారు. కడ్డీ మార్చినందుకు అంతకుముందు 350.

దాన్ని మెట్రోలో తేవడం ఒక ప్రహసనం. స్కానర్ తెర మీద చుట్లు చుట్లుగా తీగ, మధ్యలో లోహపు రేకులు కనబడేసరికి సెక్యూరిటీ అమ్మాయి మొహం మారింది. "ఏమిటి సార్ ఇది?" రేడియో ఏరియల్ అన్నాను. "రేడియోకా?" అంది, ఎడ్లబండికి టైరు అన్నట్టు. పెద్దాయన ఒకరు క్యూలోంచి ముందుకొచ్చి "మీడియం వేవ్ లూప్ అమ్మా, ఏమీ కాదు" అనకపోతే ఆ రోజు నేను బస్సెక్కేవాడిని. ఆ పెద్దాయన తరవాత అమీర్‌పేట దాకా రేడియో సిలోన్ తెలుగు అనౌన్సర్ మీనాక్షి పొన్నుదురై గురించి చెబుతూనే వచ్చారు.

ఇక లోపాలు. ఒక చుక్క తగ్గించింది వీటికే. చెప్పిన రోజుకు పని కాదు, నేను మొత్తం నాలుగు తిరుగుళ్ళు తిరిగాను. రసీదు లేదు, ఫోన్‌తో డబ్బు కట్టడం లేదు, చిల్లర మీరే తెచ్చుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం తాళం. మాట కటువు. నా ముందే ఒక కుర్రవాడు తాతగారి వాల్వు సెట్టు తెచ్చి, లోపలి సామాను తీసేసి బ్లూటూత్ స్పీకర్ పెట్టిమ్మన్నాడు. ఈ మధ్య వచ్చే బేరాల్లో సగం ఇవేనట. "పేగులు తీసి గడ్డి కూరడం నా పని కాదు" అని పంపించేశారు. ఆ కుర్రవాడు ఇస్తానన్న డబ్బు నా బిల్లుకు అయిదింతలు.

కొత్త సెట్టు కొనాలనుకునేవారు ముందు ఆయనను అడగండి. డిజిటల్ రేడియో, అంటే డీఆర్‌ఎం సంగతి కూడా అడిగాను. ఆకాశవాణి చాలా చోట్ల ఆ ట్రాన్స్‌మిటర్లు పెట్టింది, మీడియం వేవ్ మీదే రొద లేకుండా వినవచ్చు. "సెట్టు చూపించండి మరి" అని కిటికీలోంచి గల్లీ వైపు చెయ్యి చాపారు. కింద నలభై దుకాణాలు ఉంటాయి, ఒక్కదానిలోనూ లేదు. ఆయన బల్ల మీద రాత్రిళ్ళు ఒంటరిగా పనిచేసేటప్పుడు తోడుండేది నాగపూర్ నుంచి 1566 మీద వచ్చే నేషనల్ ఛానల్ అట. 1988లో మొదలైంది, 2019లో ఆగింది. ఆ ముల్లు అక్కడే ఉన్న సెట్టు ఒకటి బల్ల చివర ఉంది. ఊరికే తుడుస్తుంటారు.

మా ఇంట్లో ఇప్పటి పరిస్థితి: పొద్దున్న 6.45 ప్రాంతీయ వార్తల వేళకు హాలు దీపాలు వెలిగించకూడదు. చట్రం బాల్కనీలో తులసికోట పక్కన ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటాక అందులో 837 మీద విజయవాడ, 720 మీద చెన్నై కూడా వచ్చి వాలుతున్నాయి. చీకటి పడితే మీడియం వేవ్ ఆకాశానికి తగిలి దూరాలకు దిగుతుందని బడిపిల్లలకు చెప్పిన పాఠం నాన్న మళ్ళీ నాకు చెప్పారు.

మొన్న గాలివానకు సాయంత్రం కరెంటు పోయింది. అయిదు బ్లాకులూ చీకటి. లిఫ్టు ఆగిందని కింద ఎవరో అరుస్తున్నారు. బాల్కనీలోంచి నాన్న కేక వేశారు, రేడియో ఒక్క మిరపకాయ కూడా లేకుండా మోగుతోంది.

"కిందికి ఫోన్ చేసి చెప్పరా, వార్తలు అయ్యేదాకా జనరేటర్ వేయొద్దని."