విషం కేసులో హంతకుణ్ణి పట్టాలంటే ఏ దారి మేలు?

డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. కథలో విషప్రయోగం జరిగింది, చివరి అధ్యాయం రాకముందే హంతకుణ్ణి మనమే పట్టుకోవాలి. దేన్ని పట్టుకుని వెళ్ళాలి? ఆ చావు వల్ల ఎవరికి లాభం అన్నదా, కప్పు దగ్గరికి ఎవరెవరు వెళ్ళారన్నదా, లేక విషం ఎలా పనిచేస్తుందన్నదా? ఈమధ్యే అగాథా క్రిస్టీ మొదటి నవల ‘ద మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ (1920) మళ్ళీ చదివాను. ఈసారి పక్కన కాగితం పెట్టుకుని మూడు దారుల్లోనూ వెళ్ళి చూశాను. హంతకుడి పేరు, చంపిన పద్ధతి ఇక్కడ చెప్పను, నవల చదవనివాళ్ళు నిశ్చింతగా ఉండొచ్చు.

ముందు లాభం సంగతి. చనిపోయేది డబ్బున్న పెద్దావిడ. వయసులో తనకన్నా బాగా చిన్నవాణ్ణి కొత్తగా పెళ్ళి చేసుకుంది. సవతి కొడుకులిద్దరికీ చేతిలో డబ్బు ఆడదు. ఆవిడకేమో వీలునామా మారుస్తూ ఉండే అలవాటు. ఇలా ఇంట్లో సగం మందికి కారణం ఉంది. రచయిత్రి దాన్ని కావాలనే తలా కాస్త పంచిపెట్టింది. అందుకే ఈ దారిలో వెళ్తే అనుమానితుల జాబితా తగ్గదు, పెరుగుతుంది.

రెండోది అవకాశం. కత్తి, తుపాకీ కేసుల్లో దీనికి తిరుగులేదు, ఎందుకంటే హంతకుడు ఆ సమయానికి అక్కడ ఉండి తీరాలి. విషానికి ఆ అవసరం లేదు. కలిపినవాడు అది పనిచేసే వేళకు ఎక్కడైనా ఉండొచ్చు. ఇక్కడ అలీబీ (ఆ వేళకు వేరేచోట ఉన్నానన్న రుజువు) మరీ గట్టిగా ఉన్న మనిషిని చూస్తేనే నాకు అనుమానం వస్తుంది.

నా ఓటు మూడోదానికే. మనుషుల చేత రచయిత ఎన్ని అబద్ధాలైనా ఆడించొచ్చు గానీ, విషం చేత ఆడించలేడు. దాని రుచి, కరిగే తీరు, పనిచేయడానికి పట్టే సమయం రచయిత ఇష్టం వచ్చినట్టు మారవు. క్రిస్టీ మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లోని టార్కీ ఊళ్ళో ఆసుపత్రి డిస్పెన్సరీలో మందులు కలిపే పని చేసింది. ఆ పనిలో ఉండగానే ఈ నవల రాసింది. ఆ అనుభవం కథలో అడుగడుగునా కనిపిస్తుంది.

కథలో వాడింది స్ట్రిక్నిన్, ముషిణి గింజల్లో ఉండే విషం. విపరీతమైన చేదు. 70,000 పాళ్ళలో ఒక పాలు కలిసినా నాలుకకు తెలిసిపోతుందని నవల్లో డాక్టరే అంటాడు. మామూలుగా అది నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది. ఒళ్ళు కొయ్యబారి విల్లులా వంగిపోతుంది. నా కాగితం మీద ఒక గీత గీసి, ఈ చివర రాత్రి ఎనిమిది, ఆ చివర తెల్లవారుజాము అని రాసుకున్నాను. పెద్దావిడకి కాఫీ ఇచ్చింది ఎనిమిది ప్రాంతంలో. ఒళ్ళు మెలికలు తిరగడం మొదలైంది తెల్లవారుజామున. ఇక పడుకునే ముందు గదిలోకి తీసుకెళ్ళిన కోకో ఉంది. కాఫీ అయితే చేదును దాచగలదు, కానీ టైము కుదరదు. కోకో అయితే టైముకు దగ్గరగా వస్తుంది, కానీ ఆ చేదును కప్పలేదు. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన రాసుకున్నాక, కప్పు దగ్గరికి ఎవరు వెళ్ళారన్న గొడవంతా పక్కకు పోయింది. ఆ రాత్రి ఆవిడ నోట్లోకి వెళ్ళినవి ఇంకేమున్నాయి అన్న ఒక్క ప్రశ్న మిగిలింది. మొదటిసారి చదివినప్పుడు ఈ ప్రశ్న నాకు తట్టనే లేదు, వీలునామా ముక్కల వెనకే తిరిగాను.

క్రిస్టీ కాలపు మరో ఇంగ్లీషు రచయిత్రి డొరతీ ఎల్. సేయర్స్ ‘స్ట్రాంగ్ పాయిజన్’ (1930)లో వాడిన విషం తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్. దీనికి దాదాపు రుచే ఉండదు, పని మొదలుపెట్టడానికి కొన్నిసార్లు గంటలు పడుతుంది. చనిపోయినవాడు బంధువుతో కలిసి భోంచేశాడు, తర్వాత మాజీ ప్రియురాలి ఇంట్లో కాఫీ తాగాడు, బయటికి రాగానే జబ్బుపడ్డాడు. భోజనం ఇద్దరూ కలిసి తిన్నదే కాబట్టి నేరం కాఫీ ఇచ్చినామె మీద పడింది. చివరగా చేతికి ఏదో అందించిన మనిషి ఇలాగే ఇరుక్కుంటుంది. పాషాణం సంగతి తెలిసినవాళ్ళు కాఫీ దగ్గర ఆగరు, జబ్బు మొదలైన క్షణం నుంచి వెనక్కి లెక్కపెడతారు. చనిపోయిన టైము ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే అతను చనిపోయింది మూడు రోజుల తర్వాత.

సయనైడ్ అయితే మాత్రం నేను రెండో దారికే వస్తాను. గ్లాసు ఎత్తిన కాసేపటికే మనిషి కూలిపోతాడు కాబట్టి, ఆ బల్ల చుట్టూ ఎవరున్నారన్నది నిజంగానే ముఖ్యం. అది క్యాప్సూల్‌లో ఇచ్చి ఉంటే ఈ మాట చెల్లదు.

విషం అమ్మేటప్పుడు మందుల షాపువాళ్ళు రాసుకునే పుస్తకంలో సంతకం, సీసా మీద వేలిముద్రలు, అస్సలు అనుమానం రాని మనిషినే అనుమానించడం లాంటివి కూడా కొందరు చెబుతారు. సంతకం ఎవరైనా పెట్టొచ్చు. వేలిముద్రలు ఎవరివో కనబడాలనే ఎవరో ఏర్పాటు చేసి ఉండొచ్చు. మూడోది ఊహ, దాంతో పేరు తగిలినా ఎలా చంపారో చెప్పలేం.

కాబట్టి డాక్టరు సాక్ష్యం చెప్పే అధ్యాయం వస్తే పేజీలు తిప్పేయకండి. నేను దాన్ని రెండుసార్లు చదువుతాను, వీలునామా చదివే అధ్యాయం ఒక్కసారే.