లాబ్రడార్‌కు ఒకటి, గోల్డెన్‌కు ఇంకొకటి: కండరాల జబ్బుకు ఏ పరీక్ష మేలు?

కావలిలో మా ఇంటి గడప జానెడు ఎత్తు కూడా ఉండదు. మూడు నెలల లాబ్రడార్ పిల్ల దాని మీద ముందుకాళ్లు ఆనించి, వెనకకాళ్లు రెండూ కలిపి కుందేలులా ఎగరబోయి, ఎక్కలేక అక్కడే కూలబడేది. ఎముకలకు బలమని నెలరోజులు కాల్షియం పోశాం. రక్తంలో సీకే, అంటే కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్, చూపిస్తే కాస్త ఎక్కువ, అంతే. హమ్మయ్య అనుకుని టెన్షన్ తగ్గించుకున్నాం. చివరికి నెల్లూరులో ఒక డాక్టరుగారు దాన్ని పక్కకు పడుకోబెట్టి, మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో తట్టారు. కాలు ఎగిరి తన్నాలి. కదల్లేదు. "ఎముక కాదమ్మా, కండరం. పుట్టుకతో వచ్చింది" అన్నారు.

కుక్కపిల్లను కొనబోతూ చాలామంది అడుగుతారు: తల్లిదండ్రుల్ని చూస్తే చాలదా, సీకే చాలదా, జన్యుపరీక్ష దాకా పోవాలా అని.

కళ్లతో చూస్తే చాలదు. మా పిల్లకు వచ్చింది సెంట్రోన్యూక్లియర్ మయోపతి అనే కండరాల జబ్బు. హెచ్ఏసీడీ1 అనే జన్యువులోకి వేరే డీఎన్ఏ ముక్క ఒకటి దూరడమే దీనికి మూలమని 2005లో తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు చెడ్డ కాపీలూ అందితేనే జబ్బు. ఒక్కటే ఉన్న కుక్క, అంటే క్యారియర్, మైపాడు బీచ్‌లో హాయిగా ఈదుతుంది. అలాంటి రెండింటికి క్రాసింగ్ చేయిస్తే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ముప్పు. కుక్కతో ఇచ్చే పెడిగ్రీ పేపర్లలో వంశం ఉంటుంది గానీ ఈ సంగతి ఉండదు. ఒంగోలు గిత్తను కొనేటప్పుడు తల్లినీ తండ్రినీ ఆరా తీసే మనం, కుక్కపిల్లకైతే ఫొటో చూసి అడ్వాన్స్ పంపేస్తున్నాం.

గోల్డెన్ రిట్రీవర్ సంగతి వేరు. అక్కడ పాడయ్యేది ఎక్స్ క్రోమోజోమ్ మీది డిస్ట్రోఫిన్ జన్యువు, కండరాల కణాల పొరను కాపాడే ప్రోటీన్‌ను తయారుచేసేది. అందుకే జబ్బు దాదాపు ఎప్పుడూ మగపిల్లలకే వస్తుంది, అదీ ఎక్కువగా తల్లి నుంచే. తల్లి క్యారియర్ అయితే ఒక్కో మగపిల్లకూ సగానికి సగం ముప్పు. ఆరేడు వారాలకే నడక బిగుసుకుపోతుంది, నోరు పూర్తిగా తెరవలేవు, చొంగ కారుతుంది. కండరాల కణాల పొర చిరిగిపోతుంటుంది కాబట్టి వందల్లో ఉండాల్సిన సీకే వేలు, పదివేలు దాటుతుంది.

కాబట్టి గోల్డెన్ మగపిల్లకు సీకే మంచి పరీక్షే. డిస్ట్రోఫిన్ జన్యువు రకరకాల చోట్ల పాడవుతుంది, జన్యుపరీక్ష తెలిసిన మార్పునే వెతుకుతుంది, సీకే మాత్రం ఎక్కడ పాడైనా పెరుగుతుంది. లాబ్రడార్‌కు అదే సీకేను నమ్మితే మాలాగే మోసపోతారు. అక్కడ జన్యుపరీక్షే మేలు. చెంప లోపల దూదిపుల్లతో రుద్ది పంపితే సరిపోతుంది, పిల్ల తల్లిపాలు తాగిన వెంటనే మాత్రం తీయకూడదు, తల్లి కణాలు కలుస్తాయి.

బ్రీడర్ దగ్గర ఒక్క పరీక్షకే డబ్బుంటే? గోల్డెన్‌లో తల్లికి చేయించాలి. లాబ్రడార్‌లో ఇద్దరిలో ఒక్కరు క్లియర్, అంటే చెడ్డ కాపీ ఒక్కటీ లేనివారు, అయినా జబ్బు పిల్ల పుట్టదు, నేనైతే పోతుకే చేయించమంటాను. ఒకే పోతును ఎన్నో ఆడకుక్కలకు వాడతారు కదా. మా పిల్ల తండ్రిని పెంచేవాళ్లు నా మాట విని చేయించారు. క్యారియర్ అని వచ్చింది. దాన్ని వదిలేయలేదు, క్లియర్ అని తేలిన ఆడకుక్కలతోనే క్రాసింగ్ చేయిస్తున్నారు.