గంటస్తంభం దగ్గర పాత సామాన్ల షాపు, అందులో ఒక జావా కత్తి

విజయనగరం గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరం, బోర్డు కూడా సరిగ్గా కనపడదు. ఇత్తడి బిందెల వెనక కెరిస్ కనిపించేసరికి నేనే నమ్మలేదు. జావాలో పెళ్లికొడుకులు నడుముకి వెనకవైపు దోపుకుంటారే, వంపులు తిరిగిన కత్తి, అదే. షాపతను 8,500 చెప్పాడు, గంట బేరమాడితే 7,000కి దిగాడు.

పనితనం మాత్రం అసలుదే. ఇనుమునీ నికెల్ ఉన్న ఇనుమునీ పొరలుగా పేర్చి, కాల్చి, కొట్టి, మడిచి మళ్లీ కొడతారు, ఆఖర్న నిమ్మరసంలో ఆర్సెనిక్ కలిపి పట్టిస్తే ఇనుము నల్లబడి నికెల్ పొరలు వెండిలా తేలతాయి. ఆ నగిషీనే పమోర్ అంటారు. నాదాని మీద తెల్లటి చుక్కలు చల్లినట్టుంది, దాని పేరు 'బెరాస్ వుతాహ్', అంటే ఒలికిన బియ్యం, ఉన్న ఇంట్లో గింజకి లోటుండదని వాళ్ల నమ్మకం. "కత్తి ఎందుకురా ఇంట్లో" అన్న మా అమ్మ ఈ మాట వినగానే "తలంబ్రాల్లా ఉన్నాయిలే" అని దేవుడి గది పక్కనే చోటిచ్చింది!

వంపులు తొమ్మిది. ఎప్పుడూ బేసి సంఖ్యే ఉంటాయి, సరి సంఖ్య వచ్చిందంటే మనం లెక్క తప్పినట్టో, కొన విరిగినట్టో. వంపులుంటే కదులుతున్న నాగు, తిన్నగా ఉంటే కదలకుండా ఉన్న నాగు అట. పిడి కాస్త తిరుగుతోంది, అది లోపం కాదు, గుడ్డ చుట్టి బిగించేదే. పిడి కింద అడ్డంగా ఉన్న గీత చూసి చీలికేమో అని టెన్షన్ పడ్డాను, తీరా చూస్తే అది గంజ అతుకు. గంజ అంటే కత్తి మొదట్లో అడ్డంగా ఉండే ముక్క, చాలా కెరిస్‌లకి దాన్ని విడిగా చేసి అతుకుతారు.

ఇక కోపం. "బాబూ, 500 ఏళ్లది, ఉల్క ఇనుముతో చేసింది" అన్నాడు. 18వ శతాబ్దంలో జావాలోని ప్రంబనన్ దగ్గర దొరికిన ఉల్క ఇనుముతో అక్కడి సురకర్త రాజుల ఆస్థానంలో కత్తులు చేసిన మాట నిజమే, అంతమాత్రాన గంటస్తంభం దగ్గర దొరికినవన్నీ ఉల్కలవి అయిపోవు కదా. పైగా 100 ఏళ్లు దాటినవి అమ్మాలంటే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం లైసెన్స్ ఉండాలి, బిల్లు అడిగితే నోట్‌బుక్ కాగితం చింపి ఇచ్చాడు. ఒర కూడా కొత్తదే, వార్నిష్ వాసన ఇంకా పోలేదు.

అన్నిటికంటే ఘోరం, మెరవాలని ఒకవైపు గరుకు కాగితంతో రుద్దేశాడు, ఆ వైపు సగం చుక్కలు మసకబారాయి. జావాలో సురో నెలలో (వాళ్ల క్యాలెండర్‌లో మొదటి నెల) వీటిని ఎంత భక్తిగా కడుగుతారో తెలిస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఐదుకి మూడు స్టార్లు. లోపల గూట్లో ఐదు వంపులది ఇంకొకటుంది, ఒర లేదు, తుప్పు పట్టింది గానీ పమోర్ చెక్కుచెదరలేదు. వద్దన్నా తోమేలా ఉన్నాడు, ఆలోపే ఎవరైనా వెళ్లండి.